దొరబిడ్డల అజ్ఞాతవాసం, గోతిలో పడ్డ పిల్లవాడు

“పిల్లల కథల్లో కూడా కులాన్ని వెతుకుతారా?” అని అడిగేవాళ్లు మనకు కొత్త కాదు. సెమినార్లలో అడుగుతారు, స్టాఫ్ రూముల్లో అడుగుతారు. ప్రత్యేకంగా వెతకాల్సిన పని లేదన్నదే మా జవాబు. పెద్దల నవలలో పది పేజీల సంజాయిషీ కింద దాక్కునే విషయం పిల్లల కథలో ఒక్క సన్నివేశంలో బయటపడిపోతుంది. పని ఎవరు చేయాలి, ఎవరు చేయించాలి, చివరికి ఇంటికి తిరిగొచ్చేది ఎవరు, వాకిట్లోనే ఉండిపోయేది ఎవరు అన్నవి పిల్లలకు ముందుగా నేర్పాల్సిన పాఠాలని ప్రతి ఆధిపత్య సమాజానికీ బాగా తెలుసు.

ఇక్కడ మేం చర్చకు తీసుకుంటున్నది ఇంగ్లండు కథ. అమ్మానాన్నలు లేని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు తమ కాళ్ల మీద తాము నిలబడే కథలకు బ్రిటిష్, అమెరికన్ టెలివిజన్‌లో పెద్ద గిరాకీ ఉంది. వాటిలో పాతది, పదేపదే తెరకెక్కింది ‘ది చిల్డ్రన్ ఆఫ్ ది న్యూ ఫారెస్ట్’. కెప్టెన్ ఫ్రెడరిక్ మారియట్ 1847లో అచ్చువేసిన పిల్లల నవల ఇది. బి.బి.సి. దీన్ని 1955లో, 1964లో, 1977లో, మళ్లీ 1998లో టెలివిజన్ నాటకంగా తీసింది. ఎవరు బాగా నటించారు, ఏ సీరియల్ మేలు అన్నది మా చర్చ కాదు. నలభై ఏళ్లలో నాలుగుసార్లు పిల్లల ముందుకు తేవాలనిపించేంత బలం ఈ కథకు ఎక్కణ్నించి వచ్చింది? ఆ బలం ఎవరి వీపు మీద నిలబడి ఉంది? ఇవీ మా ప్రశ్నలు. అందుకని తెర రూపాలన్నిటికీ ఆధారమైన మారియట్ కథనే చదువుతున్నాం.

కథ క్లుప్తంగా ఇది. ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరుగుతున్న కాలం. రాజు పక్షాన పోరాడిన కల్నల్ బెవర్లీ 1645లో నేస్బీ యుద్ధంలో చనిపోతాడు. తల్లి కూడా పోతుంది. ఎడ్వర్డ్, హంఫ్రీ, అలిస్, ఈడిత్ అనే నలుగురు పిల్లలు ఆర్న్‌వుడ్ అనే తమ గడీలో మిగులుతారు. 1647లో మొదటి చార్లెస్ రాజు కాపలా తప్పించుకు పారిపోయినప్పుడు, అతన్ని వెతికే పార్లమెంటు సిపాయిలు ఆ గడీకి నిప్పుపెడతారు. పిల్లలు కాలిపోయారనే లోకం అనుకుంటుంది. కానీ ఆ కుటుంబాన్నే నమ్ముకుని బతికిన జేకబ్ ఆర్మిటేజ్ అనే అడవి కాపరి వాళ్లను ముందే తన గుడిసెకు చేర్చి, మనవలూ మనవరాళ్లని చెప్పి దాచిపెడతాడు. దొరబిడ్డల బట్టలు తీసేసి అడవి జనం బట్టలు తొడుగుతాడు. పనులు నేర్పుతాడు. ఎడ్వర్డుకు వేట, హంఫ్రీకి సేద్యం, అలిస్‌కు వంటా ఉతుకూ, చిన్నది ఈడిత్‌కు కోళ్లు. జేకబ్ చనిపోయాక పిల్లలే సంసారం నడుపుకుంటారు. చివరికి 1660లో రాచరికం తిరిగొస్తుంది. దాంతోపాటే ఆర్న్‌వుడ్ తిరిగి వాళ్ల చేతికొస్తుంది.

ఈ కథ పిల్లల్ని పట్టేస్తుందని ఒప్పుకోవాలి. పెద్దవాళ్ల అదుపు లేని ఇల్లు, చుట్టూ అడవి, రోజుకో చిక్కు. ఆవును ఎట్లా పట్టాలి, పాలు ఎట్లా పితకాలి, చలికాలానికి గడ్డి ఎట్లా కూడబెట్టాలి? ఇట్లాంటి కథ సీరియల్‌కు అచ్చంగా సరిపోతుంది. ఒక్కో వారానికి ఒక్కో పని, ఒక్కో గెలుపు. చూసే పిల్లలకు పని ఆటగా కనపడుతుంది. అందుకే ఇది శ్రమ గౌరవాన్ని నేర్పే కథ అని కొందరు మెచ్చుకుంటారు. మా పేచీ సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

ఈ శ్రమకు గడువుంది. బెవర్లీ పిల్లలు కట్టెలు కొడతారు, దుక్కి దున్నుతారు, వంట చేస్తారు. కానీ వాళ్లెవరో వాళ్లకు తెలుసు, జేకబ్‌కు తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. పని వాళ్ల మీద కప్పిన గొంగడి. ఎప్పుడో ఒకప్పుడు తీసేయడానికే కప్పింది. పనుల పంపకంలోనే ఈ సంగతి ఉంది చూడండి. వారసుడైన ఎడ్వర్డుకు వేట పడింది, ఎందుకంటే వేట దొరలు చేసే పనే. మట్టి పని తమ్ముడికి, పొయ్యి పని ఆడపిల్లలకు. తర్వాత అలిస్‌నూ ఈడిత్‌నూ ఒక పెద్దింటికి పంపి దొరసానుల చదువు, నడవడిక నేర్పిస్తారు. కట్టెలపొయ్యి ముందు గడిచిన ఏళ్లను వాళ్ల చేతుల మీంచి తుడిచేస్తే తప్ప కథ ముగియదు. శ్రమకు నిజంగా గౌరవం ఉన్నదే అయితే తుడిచేయడం దేనికి?

ఈ వరస మనకు తెలియందా? విరాటపర్వం వినని ఊరు తెలుగునాట ఉందా? భీముడు వంటవాడు, నకులుడు గుర్రాల కాపరి, సహదేవుడు పశువుల కాపరి, ద్రౌపది సైరంధ్రి. ఏడాది గడువు. ఆయుధాలు మూటగట్టి, శవమని చెప్పి జమ్మిచెట్టుకు వేలాడదీస్తారు. శవమంటే జనం అంటరు, దగ్గరికి రారు. అంటరానితనాన్ని కూడా రాజులు తమ ఆయుధాలకు కాపలాగా వాడుకున్నారన్న మాట. విరాటుడి కొలువులో పశువులు కాసే అసలు కాపరులు, వంటలు వండే అసలు వంటవాళ్లు, ఆ గడువుకు ముందూ ఉన్నారు, తర్వాతా ఉన్నారు. వాళ్ల పేర్లు కథకు అక్కర్లేదు. సైరంధ్రి వెంట కీచకుడు పడితే భీముడొచ్చి చంపాడు, ఎందుకంటే ఆమె దాసి వేషంలో ఉన్న రాణి. ఆ అంతఃపురంలో వేషం కాని దాసీల సంగతేంటి? వాళ్ల కోసం వచ్చే భీముడు ఏ పర్వంలో ఉన్నాడు?

హరిశ్చంద్ర నాటకమూ అంతే. వీరబాహుడికి అమ్ముడుపోయిన రాజు కాటికాపరిగా నిలబడితే తెల్లవార్లూ ఊరంతా కూర్చుని ఏడ్చింది. రాజు కాటికాపరి అయ్యాడే అని ఏడ్చింది. తరతరాలుగా కాటికాపరులుగా ఉన్నవాళ్ల కోసం కాదు. వాళ్లు కూడా ఆ పందిరికి దూరంగా కూర్చుని రాజు కోసమే ఏడ్చారు. గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు ఆ కాటిసీనులో చేరి మారుమోగాయి. అంటరానితనం అనుభవించిన కవి గొంతు సింహాసనానికి తిరిగిపోయే రాజు నోట వినపడింది. జనం వన్స్‌మోర్ కొట్టారు. నాటకం చివర దేవతలు దిగొచ్చి రాజ్యం తిరిగిచ్చారు. కాడు మాత్రం ఎవరిది వాళ్లకే ఉండిపోయింది.

రెండు దేశాలు ఒకటేనని మేం అనడం లేదు. ఇంగ్లండు వర్గ సమాజం, మనది కుల సమాజం. అక్కడ పని మారితే మనిషి హోదా మారే సందు కొంత ఉంది, ఇక్కడ పుట్టుకే పనిని నిర్ణయించింది. అంబేద్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో ఈ తేడానే తేల్చాడు, కులం పనుల్ని పంచడంతో ఆగక పనిచేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా విడగొట్టిందని. కానీ అజ్ఞాతవాసం అనే కథారూపం రెండు చోట్లా ఒకే పని చేస్తుంది. కష్టాన్ని దాని అసలు సొంతదార్ల నుంచి అరువు తెచ్చుకుని, ఏడ్పు మొత్తం అరువు తెచ్చుకున్నవాళ్లకు కట్టబెడుతుంది.

ఇంగ్లండులోనే ఆ కాలంలో సొంతదార్లు లేరా? ఉన్నారు. 1649 ఏప్రిల్‌లో, కథ జరిగే హాంప్‌షైర్‌ను ఆనుకునే ఉన్న సర్రీలో, సెయింట్ జార్జ్ గుట్ట మీద జెరార్డ్ విన్‌స్టాన్లీతో కలిసి కొందరు పేదలు ఉమ్మడి బీడు నేలను దున్నడం మొదలుపెట్టారు. చరిత్ర వాళ్లను డిగ్గర్లు అంటుంది. భూమి అందరిదీ అన్నారు. చుట్టుపక్కల భూస్వాములు మనుషుల్ని పంపి కొట్టించారు, పైర్లు తొక్కించారు, గుడిసెలు కూల్చారు. 1650 నాటికి ఆ ప్రయత్నం అణిగిపోయింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే మన కథలో హంఫ్రీ అడవి నేలకు కంచె కట్టి సాగు చేస్తాడు, ఎడ్వర్డ్ చట్టం కాదన్న జింకను కొడతాడు. కథ హంఫ్రీని తెలివైన రైతంటుంది, ఎడ్వర్డును వీరుడంటుంది. పేదలు దున్నితే ఆక్రమణ, దొరబిడ్డ దున్నితే స్వయంకృషి. బంజరు దున్నిన దళితుల మీద, పోడు కొట్టిన ఆదివాసుల మీద కేసులు చూసిన మనకు ఈ లెక్క విప్పి చెప్పనక్కర్లేదు.

ఇక గోతి దగ్గరికి వద్దాం. అడవి పశువుల్ని పట్టడానికి హంఫ్రీ ఒక గొయ్యి తవ్వి పైన కప్పుతాడు. అందులో పడేది పాబ్లో అనే జిప్సీ పిల్లవాడు. ఆకలితో, చలితో చావుకు దగ్గరైన స్థితిలో దొరుకుతాడు. బెవర్లీ పిల్లలు బయటికి తీస్తారు, తిండి పెడతారు, బతికిస్తారు. అంతవరకు మంచి పనే. తర్వాత వాడు పనికొస్తాడా, నమ్మదగినవాడేనా అని కనిపెట్టి చూస్తారు. పనిలో పెడతారు. పాబ్లో విరిగిన ఇంగ్లీషులో మాట్లాడతాడు, నవ్విస్తాడు, ఆడపిల్లల్ని ‘మిస్సీ అలిస్’, ‘మిస్సీ ఈడిత్’ అని పిలుస్తాడు. నలుగురు తల్లిదండ్రులు లేని పిల్లలున్న గుడిసెలోకి ఐదో పిల్లవాడు వచ్చాడు. వాడూ దిక్కులేనివాడే. కానీ ఐదో తోబుట్టువు కాలేదు, నౌకరయ్యాడు.

మా దృష్టిలో కథ మొత్తానికి కీలకం ఈ గొయ్యే. నిజానికి తన కాళ్ల మీద తాను నిలబడ్డ పిల్లవాడంటే పాబ్లోనే. వాడికి జేకబ్ లేడు, దాచిపెట్టిన వంశం లేదు, తిరిగిపోవడానికి ఆర్న్‌వుడ్ లేదు. బెవర్లీలు కొత్తగా నేర్చుకున్న అడవి బతుకు వాడికి పుట్టుకతో వచ్చింది. అయినా కథ వాడిలో స్వావలంబన చూడదు, సందేహం చూస్తుంది. అడవిలో బతకడం దొరబిడ్డకు సుగుణమైతే జిప్సీ బిడ్డకు నేర స్వభావం. ఇది మారియట్ ఒక్కడి బుద్ధి కాదు, చట్టమే అట్లా ఉండేది. జిప్సీలు దేశం విడిచిపోవాలని 1530లో ఇంగ్లండు చట్టం చేసింది. పోకుండా ఉంటే మరణశిక్ష అని 1554లో మరో చట్టం. కథ జరిగే కాలానికి ఇవి ఇంకా పుస్తకాల్లోనే ఉన్నాయి. జిప్సీలపై మరణశిక్షను కొనసాగించిన చట్టాన్ని 1783లో గాని రద్దు చేయలేదు. ఇక రాసినాయన సంగతి. మారియట్ తండ్రి జోసెఫ్ మారియట్ వెస్టిండీస్‌లో బానిసలతో నడిచే తోటల యజమాని, గ్రెనడా దీవికి లండన్‌లో ఏజెంటు, ఆ తోటల యజమానుల తరఫున పార్లమెంటులో వాదించినవాడు. ఆ ఇంట్లో పెరిగిన మనిషి ఊహలో దిక్కులేని నల్లకళ్ల పిల్లవాడికి నౌకరు చోటు తప్ప మరో చోటు తట్టకపోవడంలో వింతేం లేదు.

జిప్సీల, అంటే రోమా జనం, మూలాలు మన ఉపఖండంలోనే ఉన్నాయని భాషాశాస్త్రం ఏనాడో చెప్పింది. కానీ మాకు ముఖ్యమైన లింకు రక్తానిది కాదు, పాలనది. సంచార జనాన్ని పుట్టు నేరస్థులుగా చూసిన ఆ కళ్లే ఇక్కడికొచ్చి 1871లో నేరస్థ జాతుల చట్టం చేశాయి. 1897 సవరణ ఇంకో అడుగు వేసింది. 4 ఏళ్ల నుంచి 18 ఏళ్ల లోపు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే సెటిల్‌మెంట్లలో పెట్టే అధికారం ప్రభుత్వానికిచ్చింది. 1911 చట్టం తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో సెటిల్‌మెంట్లు లేచాయి. ఎరుకల వాళ్ల కోసం బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం, నెల్లూరు జిల్లాలో కావలి అట్లా వచ్చినవే. పట్టుకురావడం, కనిపెట్టడం, పని చేయించడం, ప్రార్థన నేర్పడం, ‘బాగుపడ్డాడు’ అని రాసుకోవడం. పాబ్లోకు ఒక గుడిసెలో జరిగింది ఇక్కడ ఊళ్లకు ఊళ్లకు జరిగింది. చట్టం 1952లో రద్దయింది. కానీ మన సినిమాలకు స్టువర్టుపురం అంటే ఇప్పటికీ దొంగే. 1991లో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ వచ్చింది, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. ఆ ఊరి పిల్లవాడు బడిలో ఊరి పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు ఏమవుతాడో ఈ సినిమాలు తీసేవాళ్లకు పట్టదు.

ఇక్కడ ఒక ప్రశ్న అడగాలి. అనాథ అని ఎవర్ని అంటున్నాం? అమ్మానాన్న చనిపోతేనే అనాథా? అమ్మానాన్న బతికుండగా రాజ్యం విడదీసిన పిల్లల్ని ఏమనాలి? ఆ పిల్లలకు నాటకంలో చోటుందా?

చోటివ్వడానికి ఒక ప్రయత్నం ఈ మధ్య జరిగింది గనక దాన్ని కూడా చూద్దాం. అమెరికాలో ఫాక్స్ చానెల్ 1994 నుంచి 2000 దాకా ‘పార్టీ ఆఫ్ ఫైవ్’ అనే సీరియల్ వేసింది. శాన్ ఫ్రాన్సిస్కోలో సాలింజర్ అనే తెల్ల కుటుంబం. తాగి కారు నడిపినవాడి వల్ల తల్లీ తండ్రీ చనిపోతే ఐదుగురు తోబుట్టువులు మిగులుతారు. వాళ్లకు ఇల్లుంది, తండ్రి పెట్టిన రెస్టారెంటు ఉంది. మొదట్లోనే వచ్చే చిక్కు ఏమిటో తెలుసా? చంటి తమ్ముణ్ని చూసుకోవడానికి ఆయాను పెట్టుకోవడం. తమ కాళ్ల మీద నిలబడే పిల్లల కథ జీతానికి ఒక మనిషిని తెచ్చుకోవడంతో మొదలవుతుంది. ఆయా పాబ్లో కాదు, ఆమెకూ చదువుంది, కథలో చోటుంది. అయినా ‘స్వతంత్రంగా బతకడం’ అనే మాట కింద ఆస్తి ఎంతుందో, ఇంకొకరి పని ఎంతుందో చూడాలన్నదే మా మాట.

అదే సీరియల్‌ను అదే రచయితలు, క్రిస్టఫర్ కైజర్, ఏమీ లిప్‌మన్, 2020లో మళ్లీ రాశారు. ఈసారి కుటుంబం పేరు అకోస్టా. తల్లిదండ్రులు మెక్సికో నుంచి వచ్చి రెస్టారెంటు పెట్టుకుని బతుకుతున్నవాళ్లు. ఇమిగ్రేషన్ అధికారులు రెస్టారెంటు మీద పడి పట్టుకుపోతారు, దేశం నుంచి పంపేస్తారు. పెద్దవాడు ఎమీలియోకు అమెరికాలో ఉండటానికి తాత్కాలిక అనుమతి మాత్రమే ఉంది, మిగతావాళ్లు అక్కడే పుట్టిన పౌరులు. తల్లి చనిపోలేదు, ఫోనులో ఉంది. సరిహద్దు అవతల ఉంది. పాత కథలో దుఃఖానికి కారకుడు తాగుబోతు డ్రైవరు, అంటే విధి. కొత్త కథలో కారణానికి పేరుంది, యూనిఫాముంది, సంతకముంది. ఈ అన్నదమ్ముల కోసం ఏ 1660 ఎదురుచూడటం లేదు. రాజు తిరిగొచ్చి గడీ తాళాలిచ్చే కథ కాదిది. ఈ సీరియల్‌లోనూ టీవీ మార్కు ప్రేమలూ అలకలూ ఉన్నాయి, మేం దాన్ని నెత్తికెత్తుకోవడం లేదు. కానీ తల్లిదండ్రుల్ని పోగొట్టే చేతిని చూపించిందంటే, తోబుట్టువుల కథను ఇట్లా కూడా రాయొచ్చని రుజువైంది. పది ఎపిసోడ్లతో ఆగిపోయింది. పాతది ఆరేళ్లు నడిచింది.

మన ఇళ్లల్లో ఈ కథ ఎట్లా ఉంటది? తోబుట్టువులు తమ బతుకు తాము చూసుకోవడం మన వాడల్లో సాహసం కాదు, మామూలు దినచర్య. అమ్మ నాట్లకు పోతది, నాయిన బొంబాయిలోనో దుబాయిలోనో ఉంటడు, లేదంటే ఇద్దరూ ఆరునెల్లు మట్టిపనికి వలసపోతరు. ఎనిమిదేళ్ల అక్క చంటోణ్ని చంకనేసుకుని, పొయ్యి రాజేసి, నీళ్లు మోసి, తమ్ముణ్ని బడికి పంపుతది. తను పోదు. మాలాగ ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లను ఎవర్నైనా అడగండి, వెనక బడి మానేసిన అక్క ఒకామె కనపడుతుంది. ఈడిత్ కోళ్లకు గింజలు వేస్తే అది కథ అయింది. మా అక్కలు ఊరి కోళ్లకూ ఊరి గొడ్లకూ చాకిరి చేస్తే అది కథ కాలేదు. ఎందుకు కాలేదంటే, వాళ్లు ఏ గడీ నుంచీ కిందికి దిగలేదు. మన దగ్గర జాలి పుట్టాలంటే ముందు ఎత్తు నుంచి పడాలి. కిందనే పుట్టినవాళ్ల కష్టం చూసే కళ్లకు కష్టంగా ఆనదు, సహజంగా ఆనుతుంది.

దీనికి మందు ఇట్లాంటి కథల్ని పిల్లలకు చూపించకపోవడం కాదు. నిషేధాలు మన దారి కాదు. బడిలో ఈ కథ చెప్పే టీచర్లు ఒక్క పని చేయొచ్చు. కథ అయిపోయాక పాబ్లో వైపు నుంచి చెప్పమని పిల్లల్ని అడగండి. గోతిలో పడకముందు వాడు ఎవరితో ఉన్నాడు? వాడికి అక్క ఉందా? వాడి వాళ్లు వాడి కోసం వెతికారా? బెవర్లీలు గడీకి పోయిన రోజు వాడికి ఏమనిపించింది? విరాటపర్వం చెప్పేటప్పుడు కూడా, పాండవులు వెళ్లిపోయిన తెల్లారి విరాటుడి పశువుల్ని ఎవరు తోలుకుపోయారో అడగండి. హాస్టల్ పిల్లలు ఈ ప్రశ్నలకు తడుముకోరు. వాళ్లకు జవాబులు పుస్తకంలో వెతకాల్సిన పని ఉండదు.

రాసేవాళ్లకూ ఒక మాట. దళిత, బహుజన, సంచార జాతుల పిల్లలు కథానాయకులైన టెలివిజన్ నాటకం తెలుగులో రావాలని మనం అడుగుతున్నాం. అడిగేటప్పుడు జాలి కథ అడగొద్దు. అక్క తెలివి, తమ్ముడి అల్లరి, ఇద్దరూ కలిసి ఆ రోజు తిండి ఎట్లా సంపాదించారన్న లెక్క, వాళ్లను అట్లా వదిలిపెట్టిన కూలి రేటు, వలస, రాజ్యం, ఇవన్నీ ఉన్న కథ అడుగుదాం. చివర్లో ఏ రాజూ రానక్కర్లేదు. అక్క మళ్లీ బడికి పోతే చాలు.